తోమికో ఇంటికి పోయిన వారం

మెదక్,
6 జూలై 2025

మహతి అక్కకు,

ముందుగాల ఒక మాట. నువ్వు కానిస్టేబుల్ ట్రైనింగుకు పోయినందుకు నా కోపం ఇంకా సల్లారలేదు. రాజ్యం చేతిల లాఠీ కావద్దని నీకు ఎన్ని కరపత్రాలు చదివి వినిపించిన! నువ్వు పల్లీలు తినుకుంట విన్నవ్. తినుకుంటనే పరీక్ష రాసి పాసైనవ్. సరే. నా నిరసన ఈ ఉత్తరంల నమోదు చేస్తున్న. ఇగ ముచ్చటకొస్త.

బస్టాండుల నా చెయ్యి పట్టుకొని ఏమన్నవ్? "ఫోన్లు గుంజుకుంటరంట. ఆదివారం పది నిముషాలిస్తరు, అవి అమ్మకే సాలవు. 'వరద రేవు' రెండో భాగం ఈ నెలలనే మొదలైతది. ఏమైందో రాయి తమ్మీ" అన్నవ్. కొత్త బూట్లు అడగలె, సెంటు సీసా అడగలె. జపాన్ బొమ్మల సీరియల్ అడిగినవ్. గందుకే నిన్ను సగం మాఫ్ చేసిన.

మొదటి భాగం నా ఫోన్ల, ఒక్క ఇయర్‌ఫోను ఇద్దరం పంచుకొని చూసినం గద. నువ్వు మాంగాను, అంటే అసలు బొమ్మల పుస్తకాన్ని, మాత్రం ముట్టలేదు. "ఎనక నుంచి ముంగటికి చదివే పుస్తకం నాతోని కాదు" అని పక్కకు నూకినవ్. నేను హైదరాబాద్ పోయి, ఆబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ మీది కుప్పలన్ని ఎతికి, ఏడుకు ఏడు పుస్తకాలు తెచ్చుకున్న. గుర్తుంచుకో, యానిమె, అంటే మనం చూసే సీరియల్, ఆ పుస్తకాలకెల్లి పుట్టిందే. పుస్తకం అసలు కాపీ. యానిమె ఒట్టి ప్రూఫు.

నా పని నీకు ఎర్కే. నర్సింగం మామ ప్రెస్సుల ఎడమ దిక్కు కాపీ, అంటే రాసినోళ్లిచ్చిన అసలు కాయిదం, కుడి దిక్కు మేము అచ్చేసిన ప్రూఫు, చెవి మీద ఎర్ర పెన్ను. కాపీల లేనిది ప్రూఫుల ఉంటే కొట్టేసుడు, కాపీల ఉన్నది లేకుంటే రాసుడు. మూడేండ్లసంది చేతికి గదే అలవాటు. మొన్న ఒక ట్యూషన్ సెంటరోళ్ల కరపత్రంల "నూటికి నూరు మంది పాస్" అని ఉంది. మన ఎదురింటి పిల్లగాడు అండ్లనే రెండుసార్లు ఫెయిలైండు. నేను "నూటికి అరవై" అని దిద్దిన. మామ నన్ను మిషన్ చుట్టు ఉరికిచ్చిండు. "కాపీ కంటె పైన సత్యం ఉంటది మామా" అన్న. "సత్యానికి కాయిదం ఖర్చు ఎవడిస్తడు రా?" అన్నడు.

మొదటి వారం కథ. తోమికోకు పదహారు నిండినయ్. పడవ నడుపుడు నేర్పే గెంజో తాత ఆమెకు పెద్ద తెడ్డు ఇచ్చి, "వరదల ఒక్కదానివి ఏరు దాటి రావాలె. దాటితేనే ఈ రేవుల పడవ నీది" అన్నడు. ఏరు ఎట్లుందంటవా, ఏడుపాయల కాడ మంజీర పొంగి దుర్గమ్మ గుడి మెట్లు మునిగినప్పుడు మనం గట్టు మీద నిలవడి చూసినం చూడు, గట్లనే ఎర్రగ, పెద్ద పెద్ద కొమ్మలను మోసుకుంట పోతుంది. తోమికో తెడ్డు భుజాన పెట్టుకొని చూస్తుంది. అంతే, ఆపేసిండ్రు.

నిన్ను ఖండించుకుంటనే నీ క్షేమం కోరే
తమ్ముడు హర్షిత్

*

ట్రైనింగ్ సెంటర్, మూడో బారక్,
15 జూలై

ఖండించే తమ్మునికి,

నీ ఖండన అందింది, అమ్మ పంపిన గరిజెలు అందినయ్. గరిజెలు రెండు నిముషాలల్ల అయిపోయినయ్. ఖండన అట్లనే ఉంది, ఎవ్వరు ముట్టలే.

నీ ఉత్తరం ఈడ ఎంత హిట్టయిందో చెప్పాలె. ఒక్క బారక్‌ల నలభై మందిమి. ఆదివారం అన్నం తిన్నంక బట్టలారేసి మంచాల మీద కూసున్నం. "ఒక్కదానివే చదువుకొని నవ్వుతున్నవేందే?" అని ఒకతి కాయిదం గుంజుకుంది. ఇగ నేనే లేచి నిలవడి అందరికి చదివిన. గెంజో తాత మాటలు మా ఉస్తాద్ గొంతుతోని చెప్పిన. ఉస్తాద్ అంటే మాకు కవాతు నేర్పే సారు, పిలిస్తే పక్క మండలానికి ఇనవడతది. ఆడపిల్లలు నవ్వి నవ్వి మంచాల మీదికెల్లి పడ్డరు. నగరం పిల్ల అంకిత ఉంది, పెద్ద షోకు, అది కూడ పడ్డది.

నా పక్క మంచం సృజనది. మన శివ్వంపేట పిల్లనే, అమ్మానాయినలు వరి పండిస్తరు. ఉరుకుడుల అందరికంటె ముంగట ఉంటది. కాని ఈడ ఆరడుగుల గోడ ఒకటుంది. ఉరికొచ్చి, చేతులు ఆనిచ్చి, అటు దుంకాలె. సృజన ఉరికొస్తది, గోడ కాడ టక్కున ఆగుతది. రోజూ గంతే. ఉస్తాద్ అరుస్తడు, మేము వరుసల నిలవడి చూస్తుంటం, ఆ పిల్ల చెవులు ఎర్రగైతయ్. నల్ల కాడ నాతోని "నాతోని కాదు మహతక్కా, ఇంటికి పోత" అంటుంది.

నీ ఉత్తరం విన్నంక మాత్రం మూడుసార్లు అడిగింది, "తోమికో దాటుతదా?" అని. "ఆమె దాటితే నేను దాటుత" అన్నది. నవ్వులకే అన్నది గని, నవ్వులకే అన్నదో లేదో నాకు జర అనుమానమే.

మల్ల రాయి. లావు కవరు రావాలె.

నీ భాషల చెప్పాలంటె, రాజ్యం చేతిల లాఠీ,
మహతి
(లాఠీ ఇంకా ఇయ్యలే. చీపురిచ్చిండ్రు.)

*

మెదక్,
27 జూలై

అక్కా,

నేను మండిపోతున్న. ఈ యానిమె తీసినోళ్లు చేస్తున్న ఆగం చూస్తుంటే ఫోను పలగ్గొట్టబుద్ధైతుంది. ఆ రోత నీకెందుకు రాయాలె. నీకు మాత్రం కథ శుద్ధంగ అందుతది, అది నా పూచీ.

మామ కాడ మిగిలిన రంగు కాయిదం మీద రెండు వందల కరపత్రాలు వేసిన. పైన పెద్దక్షరాలల్ల "మూలానికి ద్రోహం!" అని. కింద పన్నెండు పాయింట్లు. చర్చి గేటు కాడ, బస్టాండుల పంచిన. ఒక తాత అద్దాలు సర్దుకొని మొత్తం చదివి, "ఏ పార్టీ బిడ్డా?" అన్నడు. "పార్టీ కాదు తాతా, జపాన్ కథ. పుస్తకంల ఒక తీరు ఉంది, సీరియల్ల ఇంకో తీరు తీసిండ్రు" అన్న. "మరి జపానోళ్లకు చెప్పక మాకెందుకు చెప్తున్నవ్?" అన్నడు. నేను జవాబిచ్చేలోపు బస్సెక్కిండు.

గాయనకంటె ఫిలిప్ సారు నన్ను ఎక్కువ పరేషాన్ చేసిండు. మనకు ఎనిమిదో తరగతిల లెక్కలు చెప్పిన సారే. చర్చికెల్లి బయటికొస్తూ కరపత్రం తీసుకొని, నిలవడి పన్నెండు పాయింట్లు చదివిండు. మడిచి జేబుల పెట్టుకుండు. "మా కాడ ఏసు కథ చెప్పే సువార్తలు నాలుగున్నయ్ రా. ఒక్కటే ముచ్చట నలుగురు నాలుగు తీర్ల చెప్పిండ్రు. మేము ఒకటుంచుకొని మూడు పారెయ్యలే" అని సైకిలెక్కిండు. నాకు ఇంకింత కోపమొచ్చింది.

సరే, కథ. మనసు గట్టి చేసుకొని విను. తోమికో పడవ నడి ఏట్లకు పోయింది. సుడి వచ్చింది. చేతులకెల్లి తెడ్డు జారింది. పడవ తిరిగి తిరిగి ఈ ఒడ్డుకే వచ్చి తగిలింది. తెల్లారి తోమికో మూట కట్టుకొని వాళ్ల ఊరికి పోయింది. గెంజో తాత రేవుల నిలవడి చూసిండు. ఆఖరి బొమ్మ ఆమె వీపు. గంతే. పాట లేదు, ఏడుపు లేదు. గిట్ల చెప్పాలె అక్కా కథంటే!

సత్యం పక్షాన,
హర్షిత్

*

మూడో బారక్,
4 ఆగస్టు, స్పీడ్ పోస్టు

ఒరేయ్ సత్యం పక్షపోడా,

నీ సత్యం ఈడ ఏం చేసిందో విను. నిన్న నీ ఉత్తరం చదివిన. సృజన లేచి పోయి బట్టలు తీసుకొచ్చింది, మడత పెట్టింది, కూసొని కాయిదం రాసింది. ఏం కాయిదం? "నేను ఈ ఉద్యోగానికి పనికిరాను, రాజీనామా చేస్తున్న" అని. నాకు సూపించి, "తోమికో అంతటి పిల్లనే పోయింది గద అక్కా, నేనెంత" అన్నది. ఏడిస్తే బుజ్జగించేదాన్ని. ఏడవలే. హాయిగ ఉంది. గదే నాకు భయమైంది. లక్షల మంది రాసిన పరీక్ష పాసైన పిల్ల, ఫలితాలొచ్చిన నాడు వాళ్ల నాయిన ఊరంత చాయ్ పోసిండంట. ఒక్కసారి పోతే మల్ల రానియ్యరు రా ఈడ.

ఇగ అసలు సంగతి. అంకిత వాళ్ల చెల్లెతోని ఫోన్ల మాట్లాడొచ్చింది. వచ్చి, "మహతీ, నీ తమ్ముడు అబద్ధాలకోరు. తోమికో ఇంటికి పోనేలేదు. తెడ్డు జారంగనే దోస్తులందరు ఒడ్డు మీదికెల్లి పాట పాడిండ్రు, ఇంకో తెడ్డు ఇసిరేసిండ్రు, ఆమె దాటింది, పటాకులు కాల్చిండ్రు. మా చెల్లె కండ్లార చూసింది" అన్నది. అందరి ముంగట! సృజన నా ముఖం చూసింది. నేనేం చెప్పాలె?

అమ్మకియ్యాల్సిన పది నిముషాలల్ల ఏడు నీకే ఫోన్ చేసిన. ఎత్తలె. యాడ సచ్చినవ్?

సృజన సోమవారం, పదకొండో తారీఖు కాయిదం ఆఫీసుల ఇస్తనంటుంది. ఆలోపు నాకు ఉత్తరం రావాలె. అండ్ల "నేను తప్పు రాసిన, తోమికో దాటింది" అని నీ చేతివ్రాతల ఉండాలె. గంతే. పాయింట్లు వద్దు.

మహతి

*

మెదక్,
6 ఆగస్టు, స్పీడ్ పోస్టు

అక్కా,

ఆదివారం నేను రామాయంపేట బస్టాపుల కరపత్రాలు పంచుతున్న. ఫోను సంచిల ఉండె. మాఫ్ చెయ్యి.

నేను అబద్ధాలకోరును కాదు. అంకిత వాళ్ల చెల్లె కూడ కాదు. యానిమెల ఆమె చెప్పినట్టే ఉంది. పాట, పటాకులు, అన్ని ఉన్నయ్. పుస్తకంల నేను రాసినట్టు ఉంది. వారం వారం నేను సీరియల్ చూసి, పుస్తకం పక్కన పెట్టుకొని, వాళ్లు పాడు చేసిన జాగలన్ని దిద్ది నీకు రాసిన. ప్రూఫు దిద్దినట్టే. నీకు చెప్పకుంట చేసిన, అది తప్పే. నువ్వడిగింది సీరియల్, నేను పంపింది పుస్తకం.

కాని "తోమికో దాటింది" అని రాయను. రాయలేను. పొద్దటిసంది మూడు కాయిదాలు చింపిన. పాట పాడితే ఏరు దాటిచ్చే కథ ఆ పిల్లకు చెప్పి, రేపు ఆమె గోడ కాడికి పోయినప్పుడు ఎవరు పాడుతరు? నువ్వు పాడుతవా? నీ గొంతు నాకు తెల్సు.

అసలు సంగతి ఏందంటె, కథ ఆడ అయిపోలే. అది అయిదో పుస్తకం. ఆరో పుస్తకమంత తోమికో ఊర్లనే ఉంటది. మేనమామతోని ముల్లంగి అమ్ముతది. ఏడో పుస్తకంల ఎవ్వరు పిలవకుంటనే తిరిగొస్తది. గెంజో తాత ఏమనడు. జరిగి, పడవల జాగ ఇస్తడు. ఆమె ఇంటికి పోయింది గనుకనే ఆ రాకకు విలువ. యానిమెల ఆ పోవుడే కొట్టేసిండ్రు, ఇగ వచ్చుడెక్కడిది? నా పన్నెండు పాయింట్లల్ల మొదటిది ఇదే.

గిదంత సృజనకు చదివి వినిపించు. కాయిదం ఇయ్యకముందే.

(స్పీడ్ పోస్టు టైం అయితుంది, గందుకే అక్షరం గిట్లుంది.)
హర్షిత్

*

మూడో బారక్,
9 ఆగస్టు

తమ్మీ,

నీ ఉత్తరం ఇయ్యాల పొద్దుగాల వచ్చింది. చదివి వినిపించిన. సృజన మొత్తం విని, నవ్వి, "మీ అక్కాతమ్ముళ్లు మంచోళ్లు. నా కోసం కూసొని ఎంత కథ అల్లిండ్రు!" అన్నది. నమ్మలే. ఒకసారి నువ్వొక తీరు, అంకిత ఇంకో తీరు, మల్ల నువ్వు మూడో తీరు చెప్తే ఎవరు నమ్ముతరు?

ఇంకొకటి ఉంది, నీకు చెప్పక తప్పదు. నన్ను తిట్టు. నువ్వు రాసిందే నేను చదవలే. పోయిన ఆదివారం అందరు మంచాల అంచులకు జరిగి వింటుంటే నాకు జోష్ వచ్చింది. గెంజో తాత ఊకె నిలవడి చూసిండని నువ్వు రాసినవ్. ఊకె నిలవడితే ఏం మజా అని, ఉస్తాద్ గొంతుతోని "పో! మల్ల ఈ రేవుల నీ ముఖం సూపియ్యకు!" అనిపిచ్చిన. అది కథల లేదు, నా నోటికెల్లి వచ్చింది. సృజన తలకెక్కింది గదే. నువ్వు సీరియల్ దిద్దినవ్, నేను నిన్ను దిద్దిన. నీ కంటె నేనే పెద్ద ద్రోహిని. పదమూడో పాయింటు రాసుకో.

ఇప్పుడు మంచి ముచ్చట. సృజన ఆగలే, ఇయ్యాలనే కాయిదం పట్టుకొని మా సెంటర్‌ను చూసుకునే మేడం కాడికి పోయింది. మేడం చదవలే. టేబుల్ సొరుగుల పెట్టి, "అయిదు రోజులు ఇంటికి పోయి రా. పదిహేడు సాయంత్రంలోపు వస్తే దీన్ని చింపుత, రాకుంటె పైకి పంపుత" అన్నది. పన్నెండున పోతుంది.

నువ్వు ఏడో పుస్తకం తీసుకొని శివ్వంపేట పో. ఆ పిల్ల చేతిల పెట్టు. బొమ్మలు చూస్తే నమ్ముతది. రేపు ఫోన్ల చెప్పొచ్చు గని, నీకిచ్చిన ఏడు నిముషాలకు అమ్మ ఇంకా అలిగే ఉంది.

ఇస్త్రీ అంగి వేసుకో. వాళ్ల నాయినను "మీరు" అను. కరపత్రాలు పంచినవంటే నేనే వచ్చి అరెస్టు చేస్త.

మహతి

*

మెదక్,
16 ఆగస్టు

అక్కా,

నిన్న ప్రెస్సు బందు, పోయొచ్చిన.

శివ్వంపేటల దిగి ఇల్లడిగితే ఊరంత నా ఎనక వచ్చినట్టైంది. వాళ్ల నాయిన గడప కాడ నిలవెట్టి, "ఎవరి పిల్లగానివి? ఏం పని చేస్తవ్? పుస్తకం ఇయ్యనీకె మెదక్ నుంచి వచ్చినవా?" అని నన్ను కిందికెల్లి మీదికి చూసిండు. ఇస్త్రీ అంగి వేసుకొమ్మన్నది నువ్వే గద. అదే కొంప ముంచింది, పెండ్లి చూపులకొచ్చినట్టుండె. "మహతి తమ్ముణ్ణండి" అన్నంక గని చాయ్ రాలే.

ఈ ఏడు వానలు లేటు, నాట్లు ఇంకా అయితనే ఉన్నయ్. పొలం కాడికి పోయిన. సృజన మోకాలు లోతు బురదల ఉంది. వాళ్లమ్మ బాలనర్సమ్మ పక్కన. నేను పుస్తకం ఇచ్చిన. సృజన చేతులు కడుక్కొని, గట్టు మీద కూసొని, మన పుస్తకం తెరిచినట్టే తెరిచింది.

"గట్ల కాదు, అటుదిక్కు నుంచి" అని నా నోటి దాక వచ్చింది. ఎందుకో మింగిన. మూడేండ్లల్ల తప్పు చూసి ఊకున్నది గదే మొదలు అక్కా. మనం తెరిచే దిక్కు ఆ పుస్తకానికి ఆఖరు గద. ముందుగాల ఆమెకు కనవడ్డది ఆఖరి బొమ్మనే. నడి ఏట్ల తోమికో, చేతిల తెడ్డు, ఎనక ఒడ్డు మీద చిన్నగ గెంజో తాత.

తోమికో మీద వేలు పెట్టింది. "వచ్చిందన్నట్టు" అన్నది. నాతోని కాదు, పుస్తకంతోని.

బాలనర్సమ్మ వంగి చూసి, "ఎవలీ పిల్ల?" అన్నది. సృజన మొత్తం కథ చెప్పింది. తెడ్డు జారుడు, ఇంటికి వచ్చుడు, ముల్లంగి అమ్ముడు. ఆమె విని నన్నడిగింది, "మరి ఇంటికొచ్చిన పిల్లకు బువ్వ పెట్టిందెవలు బిడ్డా? తల్లి లేదా?"

నేను గుర్తు చేసుకున్న. ఆరో పుస్తకం నాకు కంఠతా వచ్చు. తల్లి లేదు. సచ్చిపోయిందని కూడ లేదు. ఊకె లేదు. "పుస్తకంల రాయలేదమ్మా" అన్న. "రాసినోడు ఎన్నడు బువ్వ తినలేదేమో" అని మల్ల నారు అందుకుంది.

దారంత అదే ఆలోచన. అసలు కాపీలనే ఇంత పెద్ద జాగ ఖాళీగ ఉంటే నేను దేన్ని చూసి దిద్దాలె?

ఆమె వస్తదో రాదో నాకేం చెప్పలే. పుస్తకం మాత్రం తిరిగియ్యలే.

హర్షిత్

*

మూడో బారక్,
24 ఆగస్టు

తమ్మీ,

వచ్చింది! పదిహేడు సాయంత్రం గేటు మూసే టయానికి, నెత్తి మీద సద్ది మూట, సంకల నీ పుస్తకం. మేడం సొరుగు తీసి కాయిదం చింపింది. మేమంత ఈలలేస్తే మా అందరికి మూడు రౌండ్లు పనిష్మెంటు పడ్డది. మస్తు సంతోషంగ ఉరికినం.

గోడ మాత్రం ఆ తెల్లారి దాటలే, మల్ల టక్కున ఆగింది. రెండో నాడు ఆగింది. ఎవ్వరం పాట పాడలే, నా గొంతు నీకు తెల్సు గద. శుక్రవారం ఉరికొచ్చి, ఆగకుంట, గోడ మీద బొక్కబోర్లా పడి, అటు జారింది. గడ్డం గీరుకపోయింది. లేచి, "నాట్లేసిన నడుంకు ఇదెంత!" అన్నది. ఉస్తాద్ మొదటిసారి నవ్విండు. నవ్వితే భయంకరంగ ఉన్నడు.

ఇప్పుడు ఆదివారం కథ చెప్పేది నేను కాదు, సృజన. నా నౌకరి పోయింది. ఆమె కథల తోమికోకు తల్లి ఉంది! ఇంటికొస్తే ఏం అడగకుంట బువ్వ పెడతది. మూడో నాడు పొలంల దింపి, సందేళకు "ఏది కష్టం బిడ్డా, నా మడా, నీ ఏరా?" అని అడుగుతది. తోమికో రేవుకు తిరిగి పోతుంటే తల్లి కూడ ఎంట పోతది, ఆ ఒడ్డు ఎన్నడు చూడలేదని. "నేను నేర్చినంక ఎక్కిస్త, ఈడ కూసో" అని తోమికో ఒక్కతే తెడ్డు పట్టుకుంటది. గంతల విజిల్ పడ్డది, కథ ఆగింది. అంకిత కూడ ఏడ్చింది, వాళ్ల చెల్లెకు ఫోన్ల ఇదే చెప్పింది.

సృజన చెప్పింది చెప్పినట్టు రాసి ఈ కవర్ల పెట్టిన, ఎనిమిది పేజీలు. "మీ తమ్మునికి పంపు, ఎర్ర పెన్నుతోని దిద్దుతడు" అన్నది. నవ్వులకే అన్నది. ఈసారి నిజంగనే నవ్వులకే.

ఇప్పుడిప్పుడే లాఠీ అందుకున్న,
మహతి

*

మెదక్,
31 ఆగస్టు

అక్కా,

కాయిదం వెనకకు తిప్పి చూడు. "మూలానికి ద్రోహం!" నూటా ముప్పై మిగిలినయ్, ఎనక దిక్కు ఖాళీగనే ఉంది. ఇగ నుంచి నీకు ఉత్తరాలు వీటి మీదనే.

పోలీసు వ్యవస్థ మీద నా అభిప్రాయం మారలేదు. మీ పరేడు నాడు మాత్రం అమ్మను, బాలనర్సమ్మను నేనే తోలుకొస్త. నిరసనగ నల్లంగి వేసుకొస్త, చప్పట్లు కొడత.

ఎనిమిది పేజీలు ప్రెస్సుల కూసొని చదివిన. ఎర్ర పెన్ను మూత తీసిన. ఎడమ దిక్కు పెట్టనీకె నా కాడ ఏ కాపీ లేదు. మూత పెట్టి చెవి మీద పెట్టుకున్న. నర్సింగం మామ చూసి, "ఏం రా, తప్పులు లేవా?" అన్నడు. "చదువుతున్న మామా" అన్న. ఫిలిప్ సారు కార్డులు వేపిచ్చుకోనీకె వచ్చిండు, ఆయన కూడ నిలవడి చదివిండు. "అయిదో సువార్త" అన్నడు.

ఒక్కటే అడుగుత, సృజనకు చెప్పు. తోమికో దాటి వచ్చినంక, ఒడ్డు మీద కూసున్న ఆ తల్లి పడవ ఎక్కిందా? ఏడు పుస్తకాలు మల్ల తిరగేసిన. ముంగటికెల్లి, ఎనకకెల్లి. యాడ లేదు. ఆ పిల్లకే తెల్సు. ఆదివారం విజిల్ పడకముందే అడిగి రాయి.

తమ్ముడు
హర్షిత్